గొడవ జరిగిన ఊళ్లో మళ్లీ మాట కలవాలంటే

కొట్లాట జరిగిన మొదటి వారం ఊరి నిండా జనమే. పోలీస్ పికెట్, టీవీల వాళ్లు, పరామర్శకు వచ్చే నాయకులు. ఆ తర్వాత ఊళ్లో మిగిలేది ఊరివాళ్లే. నిన్నమొన్నటిదాకా ఒకే ఆటోలో మిరప కోతకు వెళ్లిన ఆడవాళ్లు ఎదురుపడితే మొహం తిప్పుకుంటారు. రాత్రి కుక్క మొరిగితే ఇంటిల్లిపాదీ లేచి కూర్చుంటారు. బడికి పోయే పిల్ల ఆ వీధి మీదుగా వెళ్లనని మొండికేస్తుంది. అది కులాల గొడవ కావచ్చు, ఊరేగింపు దగ్గర మొదలైన మతాల గొడవ కావచ్చు, ఎన్నికల కక్ష కావచ్చు.

అలాంటి ఊళ్లో ఉండిపోయి ఏదో ఒకటి చేయాలనుకునే టీచర్‌కి, ఆశా కార్యకర్తకి, డ్వాక్రా సంఘం లీడర్‌కి, చదువుకున్న కుర్రాళ్లకి ఇది రాస్తున్నాను. సైకాలజీ డిగ్రీ అక్కర్లేదు. మీ మాట మీద ఊళ్లో కాస్త గురి ఉండాలి. ఆర్నెల్లకు తక్కువ కాకుండా నిలబడే ఓపిక ఉండాలి.

మొదలుపెట్టే ముందే రాజీకి దూరం జరగండి

గొడవ సద్దుమణగక ముందే పెద్దమనుషులు బయల్దేరతారు. "అయిందేదో అయింది, కేసు వెనక్కి తీసుకోండి, ఒకే ఊళ్లో బతకాల్సిన వాళ్లం" అంటారు. శాంతి కమిటీ వేసి, ఇటొకరి చేతా అటొకరి చేతా చేతులు కలిపించి ఫొటో తీస్తారు. మిమ్మల్నీ అందులోకి లాగుతారు. వెళ్లకండి. మీ పని మనసులు కుదుటపడేలా చూడడం. కేసు దారిన కేసు నడవాలి. ఈ రెంటినీ ముడిపెట్టారంటే దెబ్బ తిన్నవాళ్లు మీ మొహం చూడరు. ఈయన కూడా కేసు కొట్టేయించడానికే వచ్చాడని అనుకుంటారు, అలా అనుకోవడం తప్పూ కాదు.

దళితుల మీదో గిరిజనుల మీదో దాడి జరిగితే 1989 అట్రాసిటీ చట్టం వర్తిస్తుంది. 2016లో అమల్లోకి వచ్చిన సవరణలతో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ కూడా ఆ చట్టం కింద నేరమే. అంటే "వాళ్లను పనికి పిలవొద్దు, వాళ్లకు సరుకులు అమ్మొద్దు" అని ఊళ్లో చాటడం నేరం. బాధితులకు, సాక్షులకు రక్షణ, కోర్టుకు వెళ్లిరావడానికి ప్రయాణ ఖర్చులు, బెయిల్ విచారణ గురించి ముందుగా తెలుసుకునే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉంటుంది. అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు. అట్రాసిటీ హెల్ప్‌లైన్ నంబర్ 14566, ఉచిత న్యాయ సహాయానికి 15100. ఇవి రెండూ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇంటింటికీ ఇవ్వండి. మీరు న్యాయం వైపే ఉన్నారని వాళ్లకు తెలియాలి. ఆ తర్వాతే మిగతా మాటలు.

కేసులు ఎంత కాలం నడుస్తాయో ముందే మనసుకు చెప్పుకోండి. చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను చంపారు. విచారణకు ప్రత్యేక కోర్టును ఆ ఊళ్లోనే పెట్టారు. అయినా తీర్పు రావడానికి 2007 దాకా పట్టింది. 2014లో హైకోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. అన్నేళ్లు ఒక సాక్షి అదే రోజును మనసులో మోసుకుంటూ పొలం పనికి వెళ్లాలి, పిల్లల పెళ్లిళ్లు చేయాలి. ఆ మనిషికి తోడు ఎవరు? ఈ పని అవసరం ఎంతుందో నాకు చుండూరును తలుచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది.

ఇంకొక సంగతి. కారంచేడులో 1985 జూలై 17 దాడి తర్వాత దళిత కుటుంబాలు చీరాలకు వెళ్లిపోయాయి. తిరిగి ఆ ఊళ్లోకి వెళ్లబోమని చీరాలలోనే కాలనీ కట్టుకుని స్థిరపడ్డాయి. మీ ఊళ్లోనూ ఎవరైనా "మేం తిరిగి రాం" అనవచ్చు. అది వాళ్ల నిర్ణయం. మీ పని ఫలించినట్టు కనిపించడం కోసం వాళ్లను వెనక్కి రమ్మని బతిమాలకండి. వాళ్లు ఎక్కడ ఉంటే అక్కడికి మీరు వెళ్లండి.

మొదటి పది రోజులు: బియ్యం, మందులు, కాగితాలు

భయంతో ఉన్న మనిషికి ముందు కావాల్సింది కౌన్సెలింగ్ కాదు. ఒక నోట్‌బుక్ తీసుకుని ఇంటింటి సంగతీ రాసుకోండి. ఎవరికి దెబ్బలు తగిలాయి, ఎవరు ఊరు వదిలారు, ఎవరి బీపీ బిళ్లలు అయిపోయాయి, ఎవరింట్లో బాలింత ఉంది, ఎవరి ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాస్‌బుక్ కాలిపోయాయి, ఎవరి గేదెకు మేత వేసే దిక్కు లేదు. ఎఫ్ఐఆర్ కాపీ చేతికి వచ్చిందో లేదో అడగండి. అది ఉచితంగా ఇవ్వాల్సిందే. ఆ నోట్‌బుక్‌లో గొడవ ఎలా జరిగిందో, ఎవరు ఎవరిని కొట్టారో మాత్రం రాయొద్దు. అది పోలీసుల పని. మీ నోట్‌బుక్ ఎవరి చేతిలో పడినా ఎవరికీ ముప్పు రాకూడదు.

జైలుకు వెళ్లినవాళ్ల ఇళ్లకూ వెళ్లండి. ఈ మాట చాలామందికి నచ్చదని తెలుసు. దాడి చేసినవాడినీ దెబ్బ తిన్నవాడినీ ఒక గాటన కట్టమని నేను అనడం లేదు. కానీ వాడి తల్లి, పెళ్లాం, పిల్లలు ఏ తప్పూ చేయలేదు. రేపు పగ పెరిగినా తగ్గినా ఆ ఇంట్లోనే పెరుగుతుంది, ఆ ఇంట్లోనే తగ్గుతుంది.

ఇంటికి వెళ్లి కూర్చున్నప్పుడు

మనసు చెదిరిన వాళ్లకు తొలి సాయంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు పనులు చెబుతుంది: చూడడం, వినడం, కలపడం. చూడడమంటే ఆ మనిషికి ఇప్పుడు తక్షణం ఏం కావాలో గమనించడం. కలపడమంటే కావాల్సిన మనిషితోనో ఆఫీసుతోనో ఆస్పత్రితోనో జత చేయడం. నడుమ ఉన్న వినడం దగ్గరే చాలామంది తడబడతారు.

వాళ్లు మంచం మీద ఉంటే మంచం మీద, అరుగు మీద ఉంటే అరుగు మీద, వాళ్ల ఎత్తులోనే కూర్చోండి. వాళ్లు నీళ్లిస్తే తాగండి. మన ఊళ్లలో ఎవరింట్లో ఎవరు నీళ్లు తాగారన్నది అందరూ గమనిస్తారు. కాబట్టి ఆ గ్లాసు అందుకోవడం మీరు చెప్పబోయే ఏ మాటకన్నా ముందు వాళ్లకు చేరుతుంది. "ఏం జరిగిందమ్మా, మొత్తం చెప్పు" అనకండి. "రాత్రి నిద్ర పట్టిందా అత్తా?", "అన్నం సయిస్తోందా?" అని అడగండి. ఆమె మాట్లాడితే వినండి, మాట్లాడకపోతే కాసేపు ఊరికే కూర్చోండి. ఏడిస్తే "ఊరుకో, ఊరుకో" అని తొందరపెట్టకండి.

కొన్ని మాటలు నోటి చివర సిద్ధంగా ఉంటాయి, వాటిని మింగేయండి. "దేవుడి దయ వల్ల ప్రాణాలు దక్కాయి కదా." "ఫలానా వాళ్లకు ఇంతకన్నా ఎక్కువే జరిగింది." "మర్చిపో, ధైర్యంగా ఉండు." అవి విన్నాక ఆ మనిషి మళ్లీ నోరు విప్పడం కష్టం. వీటి బదులు "నేను శుక్రవారం పొద్దున మళ్లీ వస్తాను" అని చెప్పి, శుక్రవారం పొద్దున తప్పకుండా వెళ్లండి. వర్షం వచ్చినా వెళ్లండి.

అందరినీ ఒక చోట కూర్చోబెట్టి జరిగిందంతా ఒక్కసారిగా చెప్పించి ఏడిపించేస్తే భారం దిగిపోతుందని కొందరు నమ్ముతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతి వద్దనే చెబుతోంది. చెప్పాలని లేని మనిషి చేత చెప్పిస్తే మేలు కన్నా కీడే ఎక్కువ.

ఎవరిని డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాలి

మొదటి కొన్ని వారాలు గుండె దడ, పీడకలలు, ఉలిక్కిపడడం, అన్నం సయించకపోవడం చాలామందికి ఉంటాయి. అది పిచ్చి కాదు, జబ్బు కాదు, ఈ మాట ఇంటింటా చెప్పండి. భయం తగ్గి, తోడు దొరికి, పని కుదురుకుంటే ఎక్కువ మందికి అవి తగ్గుతాయి. నెల దాటినా తగ్గకపోతే, మనిషి పనికి వెళ్లలేకపోతే, పొద్దున్నుంచే తాగుతుంటే, పసిపిల్లకు పాలివ్వడం కూడా మరిచేంతగా ముడుచుకుపోతే, అప్పుడు వైద్యం కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 అంచనా ప్రకారం ఘర్షణలు జరిగిన ప్రాంతాల్లో ఐదుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుంది. వందకు తొమ్మిది మందికి అది ఓ మోస్తరు నుంచి తీవ్రంగా ఉంటుంది.

చచ్చిపోవాలని ఉందని ఎవరైనా అంటే మాత్రం ఆగొద్దు. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీయించి, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు. పిల్లల విషయానికి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.

పదిమంది కూర్చునే గుంపు

ఇక్కడ ఆఫ్రికాలోని రువాండా దేశం నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. 1994లో అక్కడ 100 రోజుల్లో 8 లక్షల మంది దాకా చంపేశారు, అందులో ఎక్కువ మంది పొరుగువాళ్ల చేతుల్లోనే పోయారు. ఆ తర్వాత చంపినవాళ్లు, బతికి బయటపడ్డవాళ్లు మళ్లీ ఒకే కొండ మీద పక్కపక్కనే బతకాల్సి వచ్చింది. గచాచా అనే ఊరి కోర్టులు 2012లో మూసేసేలోపు దాదాపు 19 లక్షల కేసులు విచారించాయి. తీర్పులైతే వచ్చాయి గాని, తీర్పు వచ్చినంత మాత్రాన పక్కింటికి నిప్పు అడగడానికి వెళ్లే చనువు రాదు. 2005లో ఉత్తరాన బ్యుంబా అనే చోట ఆంగ్లికన్ చర్చి అండతో సోషియోథెరపీ గుంపులు, అంటే ఊరివాళ్లే కలిసి కూర్చుని మాట్లాడుకుంటూ కుదుటపడే గుంపులు, మొదలయ్యాయి. 10 నుంచి 15 మంది, వారానికి ఒకసారి, మూడు గంటలు, 15 వారాలు. నడిపేది ఆ ఊరివాళ్లే ఇద్దరు.

ఆ పదిహేను వారాల్లో ఏది ముందు, ఏది వెనక అన్నదే అన్నిటికన్నా ముఖ్యం. ముందు భద్రత. తర్వాత నమ్మకం. ఆపైన ఒకరి బాగోగులు ఒకరు చూసుకోవడం, ఆ తర్వాత మర్యాద, ఆ తర్వాత ముందుముందు ఎలా బతకాలన్న ఆలోచన. జరిగినదాన్ని తలుచుకోవడం చిట్టచివర. మనం సాధారణంగా దీన్ని తలకిందులు చేస్తాం. మొదటి మీటింగ్‌లోనే "ఆ రోజు ఏం జరిగిందంటే" అని మొదలుపెడతాం. పావుగంటలో మీటింగ్ కొట్లాటవుతుంది.

మన ఊళ్లో దీన్ని నడపాలంటే నడిపేవాళ్లు ఇద్దరుండాలి, రెండు వైపుల నుంచి ఒక్కొక్కరు, వీలైతే ఒకరు ఆడమనిషి. మొదటి అయిదారు వారాలు ఏ వైపు వాళ్లు ఆ వైపే విడివిడిగా కూర్చోవాలి. భయం తగ్గకుండా ఎదురెదురుగా కూర్చోబెట్టడం క్రూరత్వం. కలిపి కూర్చోబెట్టే వేళకు గుంపులో ఎవరుండాలన్నది జాగ్రత్తగా ఎంచండి. కేసులో నిందితుడు, సాక్షి ఒకే గుంపులో ఉండకూడదు. బెయిల్ మీద ఉన్నవాడు సాక్షిని కలిస్తే బెయిల్ షరతే తప్పినట్టు కావచ్చు, రేపు కోర్టులో "సాక్షిని ప్రభావితం చేశారు" అన్న మాటా వస్తుంది. అలాగే ఒక ఆసామి దగ్గర పాలేరుగానో కూలీగానో ఉన్న మనిషిని ఆ ఆసామి ఉన్న గుంపులో వేయకండి. రేపటి కూలీ ఎవరి చేతిలో ఉందో వాళ్ల ముందు ఎవరూ నిజం మాట్లాడరు.

కలిసి కూర్చునే మొదటి రోజు

చోటు ముందు చూసుకోండి. గుడి, చర్చి, మసీదు వద్దు, సర్పంచ్ ఇల్లు వద్దు, రచ్చబండ అసలే వద్దు. బడి గది గానీ అంగన్‌వాడీ గానీ మంచిది, అక్కడికి రెండు వైపుల పిల్లలూ వస్తారు. ఆదివారం పొద్దున పదింటికి, కూలి పోకుండా, ఎవరూ తాగి రాని వేళ పెట్టండి. వచ్చే దారి కూడా చూడండి. కాలనీ వాళ్లు అవతలి వాళ్ల వీధి మొత్తం దాటి రావాల్సి వస్తే, మొదటిసారి మీరే ఎదురెళ్లి వెంట తీసుకురండి.

కుర్చీలు వేయకండి. నాలుగు కుర్చీలు ఉన్నాయంటే వాటిలో ఎవరు కూర్చుంటారో, ఎవరు గోడ వారగా నిలబడతారో మనందరికీ తెలుసు. జంపఖానా పరిచి గుండ్రంగా కూర్చోండి. టీ తెప్పిస్తే అందరికీ ఒకే రకం కప్పులు. రెండు గ్లాసుల పద్ధతి ఇంకా పోని ఊళ్లలో, కొందరికి స్టీలు గ్లాసు, కొందరికి పేపర్ కప్పు వెళ్లిందంటే అక్కడితో ఆ మీటింగ్ అయిపోయినట్టే. పిలుపులూ గమనించండి. వయసులో పెద్దవాణ్ణి అవతలి కులం కుర్రాడు "ఒరేయ్" అని పిలిచే అలవాటు ఆ గదిలో చెల్లదని ముందే చెప్పండి. అక్కడ కూర్చున్నంతసేపూ అందరూ అందరికీ "మీరు". కొందరికి అది జీవితంలో మొదటిసారి కావచ్చు.

తర్వాత నియమాలు వాళ్ల చేతే పెట్టించండి. మీరు ఇంటి దగ్గర రాసుకొచ్చి చదివితే అవి మీ నియమాలవుతాయి. ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెబుతారు: ఇక్కడి మాట ఇక్కడే, ఫోన్‌లో రికార్డింగ్ వద్దు, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రాకూడదు. మీ వైపు నుంచి ఒకటి మాత్రం కలపండి: కేసు గురించి ఇక్కడ మాట్లాడం. ఆ రోజుకు ఇంతే చాలు. చివర్లో ఒకే ప్రశ్న అడగండి, "ఊళ్లో ఏ చోట మీకు భయం లేకుండా ఉంటుంది, ఏ చోటికి వెళ్లాలంటే భయం?" ఒకామె కొళాయి దగ్గర అంటుంది. అవతలి వైపు ఇంకొకామె కూడా కొళాయి దగ్గరే అంటుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. మీరు ఏమీ కలపకండి, వివరించకండి.

క్షమాపణ

క్షమాపణను తొందరపెట్టడం కన్నా పెద్ద అపకారం లేదు. క్షమాపణ అడిగితీరాలని ఒకరిని, క్షమించితీరాలని ఇంకొకరిని ఒత్తిడి చేయకండి. తనంతట తానుగా ఎవరైనా ముందుకొస్తే, నలుగురిలో చేసిన అవమానానికి నలుగురిలోనే చెప్పమనండి, చాటుగా కాదు. అవతలి మనిషి "విన్నాను" అని ఊరుకుంటే దానితో సరిపెట్టుకోవాలి.

చిన్న చిన్న పనులు కలిపి చేయించండి

నమ్మకం ఉపన్యాసాల వల్ల రాదు, ఇచ్చిన మాట నిలబడినప్పుడు వస్తుంది. కాబట్టి ఆరేడు వారాల తర్వాత రెండు వైపులకూ అవసరమైన పని ఒకటి ఎంచుకోండి. పాడైన బోరు బాగుచేయించడం, బడి ప్రహరీ, ఉపాధి హామీ పనిలో కలగలిపిన గ్రూపు, పాల కేంద్రంలో వంతులు. హైదరాబాద్, లక్నో లాంటి నగరాలను, ఒకటి మత గొడవలు జరిగేది, ఒకటి పెద్దగా జరగనిది, జంటలుగా పోల్చి చేసిన ఒక పరిశోధనలో తేలింది కూడా ఇదే. ఎదురుపడితే పలకరించుకునే ఇరుగుపొరుగు స్నేహం పెద్ద ఉద్రిక్తత వస్తే తెగిపోతుంది. సంఘాలు, వ్యాపారాల ద్వారా బతుకుతెరువు ముడిపడిన చోట మాత్రం గొడవను ఆపే మనుషులు రెండు వైపులా ఉంటారు. లక్నోలో చికన్ అనే చేతి ఎంబ్రాయిడరీ బట్టల పని హిందూ వ్యాపారులనూ ముస్లిం పనివాళ్లనూ అలాగే కలిపి ఉంచింది. పనిలో లెక్కలు మాత్రం అద్దంలా స్పష్టంగా కనిపించాలి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది బడి గోడ మీద రాయండి.

ఊరు మారుతోందా లేదా తెలుసుకోవడానికి కొలతలు మన కళ్ల ముందే ఉంటాయి. కాలనీ పాలు కేంద్రంలో పోయించుకుంటున్నారా? మంగలి షాపులో అందరికీ అదే కుర్చీయేనా? మిరప కోతకు ఆటో ఆ వీధిలో ఆగుతోందా? చావు ఇంటికి అవతలి వైపు నుంచి ఎవరైనా వచ్చారా? తెలంగాణలో అయితే పీర్ల పండక్కి ఎప్పట్లా అన్ని కులాలవాళ్లూ పీరు ముందు నిలబడ్డారా? నెలకోసారి ఇవి నోట్‌బుక్‌లో రాసుకోండి. మీటింగ్‌కు ఎంతమంది వచ్చారన్నది కన్నా ఇవే నిజం చెబుతాయి.

పుకార్లు, గండం రోజులు

వాట్సాప్‌లో వచ్చే పాత వీడియో ఒక్కటి చాలు, ఆర్నెల్ల పని ఒక్క రాత్రిలో పోవడానికి. రెండు వైపులా ముగ్గురేసి మనుషులను ఎంచి, వాళ్ల నంబర్లు ఒకరి దగ్గర ఒకరికి ఉండేలా చూడండి. ఏదైనా మెసేజ్ వస్తే పంపే ముందు అవతలి మనిషికి ఫోన్ చేసి "అన్నా, ఇది నిజమేనా?" అని అడగాలి. మహారాష్ట్రలోని భివండిలో 1970లో, 1984లో ఘోరమైన అల్లర్లు జరిగాయి. ఆ తర్వాత పోలీసు అధికారి సురేశ్ ఖోపడే అక్కడ హిందువులు, ముస్లింలు కలిసి ఉన్న మొహల్లా కమిటీలు పెట్టించారు. గొడవలు లేనప్పుడు కూడా అవి మామూలుగా కూర్చునేవి. 1992 డిసెంబర్, 1993 జనవరిల్లో పక్కనే ముంబై తగలబడుతుంటే భివండి ప్రశాంతంగా ఉంది.

గండం రోజుల క్యాలెండర్ ఒకటి గీయండి. బెయిల్ వచ్చే రోజు, కోర్టు వాయిదా, సంవత్సరీకం, జాతర, వినాయక నిమజ్జనం, ఎన్నికల ఫలితం. బెయిల్ మీద వచ్చినవాడికి బాణాసంచాతో స్వాగతం పలికితే అవతలి ఇళ్లలో ఏమవుతుందో వాడి ఇంటివాళ్లకు ముందే వెళ్లి చెప్పండి. ఇలాంటి రోజులకు వారం ముందే స్టేషన్‌కు సమాచారం ఇవ్వండి, ఆ రాత్రి ఒంటరి ముసలివాళ్ల దగ్గర ఎవరు పడుకోవాలో కూడా తేల్చుకోండి.

పిల్లలు, మీరు

పిల్లలకు అన్నిటికన్నా మంచి మందు బడి తెరవడం. వీలైనంత త్వరగా తెరిపించి, ఆట గంట తప్పనివ్వకండి, టీమ్‌లు చీటీలు వేసి కలపండి. జరిగిన గొడవనే ఆటగా ఆడుతుంటే తిట్టొద్దు, దగ్గరుండి చూడండి. పెద్దవాళ్లు పిల్లల ముందు పగ మాటలు మాట్లాడకుండా చూడమని తల్లులను అడగండి.

ఇక మీరు. రోజూ ఇంతమంది బాధ విని ఇంటికొచ్చాక మీకూ నిద్ర పట్టదు. నడిపే ఇద్దరూ వారానికి ఒక సాయంత్రం ఊరికి బయట కూర్చుని మాట్లాడుకోండి. బెదిరింపులు వస్తే దాచుకోకండి, రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, విషయం కనీసం ముగ్గురికి చెప్పి ఉంచండి.

ముగింపు వారం

పదిహేను వారాల గుంపు ఎప్పుడు ముగుస్తుందో మొదటి రోజే చెప్పి ఉండాలి. చివరి మూడు వారాల్లో, చెప్పదలచుకున్న వాళ్లుంటే, ఆ రోజు జ్ఞాపకాలకు చోటివ్వండి. కేసు సంగతి అప్పుడూ వద్దు. పోయినవాళ్ల పేర్లు, వాళ్ల ఇష్టాలు, వాళ్లు లేక ఇల్లు ఎలా ఉందో చెప్పుకోనివ్వండి. రువాండాలో చాలా గుంపులు అయిపోయాక కూడా విడిపోలేదు, కలిసి పొదుపు మొదలుపెట్టాయి. మన దగ్గర పొదుపు సంఘాలు ఉండనే ఉన్నాయి. కలిసి ఉంటామని వాళ్లంతట వాళ్లు అడిగితే, మండల మహిళా సమాఖ్య ఆఫీసుకు తీసుకెళ్లి, వాళ్ల సాయంతో బ్యాంకులో సంఘం ఖాతా తెరిపించండి, పుస్తకం వాళ్ల చేతికే ఇవ్వండి. నోట్‌బుక్‌లో మిగిలిన కోర్టు వాయిదాలు, పరిహారం ఇంకా రాని ఇళ్లు, మందులు వాడుతున్నవాళ్ల పేర్లు చూసుకుని, ఒక్కొక్క ఇంటికి ఎవరు వెళ్తారో ఆ రోజే పంచుకోండి.